పెళ్ళి ఫిల్ములో కోసేసిన వరుస

నా రాత గుండ్రంగా ఉండదు, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఆగుతాను. మా ఆయన పోయాక నేర్చుకున్న చదువు ఇది. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఈస్టర్ పండక్కి కూతురి పెళ్ళి ఇంకా మర్నాడనగా మాహ్తె, ఫిల్ము తీయడానికి ఆల్తా పట్నం నుంచి వచ్చిన రిస్తెన్‌ను పక్కకు పిలిచాడు.

"రేపంతా నేను వంటింట్లో పులుసు దగ్గరే ఉంటానమ్మాయ్. మా తమ్ముడు ఆంతె వస్తాడేమో చూస్తూ ఉండు."

"ఎలా ఉంటాడు మామయ్యా?"

"నా మొహమే. కాస్త అందం తక్కువ."

ఒక రెయిన్‌డీర్ దూడ ఎవరిదో తెలిపే చెవి కోత గుర్తు దగ్గర మాట పెరిగి, అన్నదమ్ములు కొన్నేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. తన కూతురి పెళ్ళికైనా తమ్ముడు వస్తాడా అన్నదొక్కటే మాహ్తె బెంగ.

రిస్తెన్ అంతవరకూ తీసినవన్నీ హోటల్లో జరిగే పెళ్ళిళ్ళు. ముద్దు, కేకు, డాన్సు గబగబా అయిపోతాయి. ఉత్తరాది మంచులో ఉన్న మా ఊరు కౌతొకెయ్నొలో పెళ్ళి అలా నడవదు. చర్చి నుంచి వచ్చి జంట హాలు గుమ్మంలో నిలబడితే, ఊరంతా వరుస కట్టి ఒక్కొక్కరే చేయి కలుపుతారు. తర్వాత బంతి మీద బంతి. తిన్నవాళ్ళు లేచి మరొకరికి చోటిస్తారు. రిస్తెన్ ఒక కెమెరాను స్టాండు మీద పెట్టి హాలు వైపు తిప్పి వదిలేసింది, ఇంకొకటి పట్టుకుని పెళ్ళికూతురి వెంట తిరిగింది. అంత జనంలో ఆంతె ఆమె కంటబడలేదు. అడిగితే ఒకరు వచ్చాడన్నారు, ఒకరు రాలేదన్నారు.

కొన్ని వారాలకు ఆమె ఫిల్ము తెచ్చి మాహ్తె ఇంట్లో వేసింది. ఒక పాట ముగిసేలోపు పెళ్ళీ ముగిసింది.

మాహ్తె భార్య బిరెత్ కాఫీ కప్పు కింద పెట్టింది. "ఇదేంటమ్మా, పెళ్ళికి మా పిల్ల ఒక్కతే వచ్చినట్టుంది. దాన్ని పుట్టినప్పటినుంచీ చూస్తున్నాం. వచ్చినవాళ్ళేరీ?"

"వరుస, భోజనాలు మరీ సాగినట్టున్నాయని తీసేశాను అత్తా."

"నిదానంగా తినకపోతే పరిగెత్తుతూ తింటారా?"

"పారేశావా?" అన్నాడు మాహ్తె.

"లేదు మామయ్యా, ఉన్నాయి." ఆమె కోయని ఫిల్ము పెట్టింది.

వరుస కదలడం మొదలైంది. బిరెత్ కుర్చీ ముందుకు జరుపుకుంది. "అదిగో మా వదిన. వాళ్ళక్క శాలువా కప్పుకుని, తనదే అన్నట్టు ఎలా నడుస్తోందో చూడు."

ఆమె వెనకాల తెల్లగడ్డం మనిషి టోపీ తీసి పెళ్ళికూతురి చెయ్యి పట్టుకున్నాడు. వెంటనే వదల్లేదు.

"వాడే," అన్నాడు మాహ్తె.

ఆంతె బల్ల చివర కూర్చున్నాడు. పులుసు తిన్నాడు. రెండోసారి వేయించుకున్నాడు. రొట్టెతో ప్లేటు తుడుచుకుని వంటింటి తలుపు వైపు చూస్తూ ఉండిపోయాడు. తలుపు తెరుచుకుంది. కాఫీ కెటిలుతో ఎవరో అమ్మాయి వచ్చింది. వెనక నిలబడ్డవాళ్ళకు చోటిచ్చి ఆంతె లేచాడు, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

"పలకరించకుండానే పోయాడు," అంది బిరెత్.

"పెళ్ళి మనది. పలకరించాల్సింది ఎవరు?"

మాహ్తె బూట్లు తొడుక్కున్నాడు.

"ఫిల్ము ఇంకా చాలా ఉంది మామయ్యా," అంది రిస్తెన్.

"ఆపి ఉంచు. మిగతాది వాడూ చూడాలి."

బయట మాహ్తె మంచు మోటారుబండి బయల్దేరిన మోత వినిపించింది. బిరెత్ కాఫీ కెటిల్లో ఇంకొకరికి సరిపడా నీళ్ళు పోసింది.

మారిత్ ఎల్లె, ఎనభై ఒక్క ఏళ్ళు. ఇప్పుడు కారాశ్యొక్‌లో ఉంటున్నాను.