ఒంటి సీటు ఓడ

రండి, ఇలా దగ్గరికి జరగండి. వెనక గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా ముందుకొచ్చేయండి, చోటు బోలెడుంది. నాది పెద్ద గొంతు కాదు, పైగా ఇవాళ చెప్పేది గట్టిగా చెప్పే కథ కాదు. పైనున్న స్వామికి ఒక దండం పెట్టుకుని మొదలుపెడుతున్నాను. మనం పిలిస్తే ఆయన వింటాడని నా నమ్మకం. మనుషుల సంగతి మాత్రం నేను హామీ ఇవ్వలేను.

ఒక లిఫ్టు మెకానిక్కు ఉండేవాడు. అతని బావమరిది, అంటే భార్య తమ్ముడు, అతనికి జోడీ. పొద్దున్నే ఇద్దరూ ఒకే స్కూటరు మీద, మధ్యలో పనిముట్ల సంచీ పెట్టుకుని బయల్దేరేవారు. ఆ పని ఒక్కడు చేసేది కాదు. ఒకడు లిఫ్టు తిరిగే ఆ చీకటి బావిలోకి దిగాలి. రెండోవాడు పైన మెయిన్ స్విచ్ ఆపేసి, ఎవరూ మళ్ళీ వేయకుండా దాని మీద చెయ్యి పెట్టి నిలబడాలి. లోపలివాడు "ఉన్నావా?" అంటాడు. చెయ్యి స్విచ్ మీద ఉంటేనే పైవాడు "ఉన్నా" అంటాడు. ఆ మాట వినపడితేనే లోపలివాడు కదులుతాడు. వినపడలేదా, ఎక్కడివాడక్కడే బొమ్మలా నిలబడిపోవాలి.

ఒకసారి మెకానిక్కు "ఉన్నావా?" అన్నాడు, జవాబు లేదు. మళ్ళీ అన్నాడు, లేదు. చివరికి పైనుంచి ఏదో ముద్దగా వినిపించింది.

"ఏవిట్రా ఆ గొణుగుడు?"

"నోట్లో బన్నుంది బావా!"

"మింగి చెప్పు. నేనేం పారిపోను, ఇక్కడే తాడు పట్టుకుని వేలాడుతుంటా."

బన్ను మింగి, నీళ్ళు తాగి, "ఉన్నా" అనేదాకా ఆయన నిజంగానే వేలు కదపలేదు. ఇది ఇద్దరూ ఇంటికొచ్చి చెప్పుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుకున్నారు. ఆ నవ్వు గుర్తుంచుకోండి, ఆ ఇంట్లో అలాంటిది మళ్ళీ వినపడదు.

ఎందుకంటే ఒకరోజు ఫోను మోగింది. బావమరిది చెయ్యి తీసి జేబులో పెట్టాడు. అదే క్షణాన కింద నుంచి "ఉన్నావా?" అని వినిపించింది. ఏళ్ళ తరబడి అలవాటైన నోరు కదా, దాని పాటికి అది "ఉన్నా" అనేసింది. లిఫ్టు కోసం ఎవరో గోల చేస్తున్నారని వాచ్‌మన్ వచ్చి స్విచ్ పైకెత్తాడు.

ప్రాణం దక్కింది. కుడికాలు మోకాలి కింద నలిగిపోయి, కర్ర లేనిదే లేవలేని మనిషయ్యాడు. బావమరిది ఆసుపత్రిలో కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. మెకానిక్కు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఇంటికొచ్చాక కూడా తిప్పిన మొహం తిప్పినట్టే ఉంది.

ఆవిడ, అంటే అతని భార్య, ముందు గదిలో బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. ఒకవైపు మిషను చప్పుడు, ఒకవైపు ఇస్త్రీపెట్టె ఆవిరి. వెనక చిన్నగదిలో మొగుడు. కుట్టుపని మధ్యలో తొంగి చూస్తే ఎప్పుడూ ఆ గోడనే చూస్తూ ఉండేవాడు. చివరికి ఆవిడే అంది:

"ఏవండీ, ఆ గోడకి మీ చూపులకే పెచ్చులూడుతున్నాయి. పదండి, ఏదన్నా ఆట కొనుక్కుందాం."

అలా ఇద్దరూ వీడియో గేముల కొట్టుకి వెళ్ళారు. కొట్లో ఉండే అమ్మాయి కుర్చీ వేసింది. ఏం కావాలంటే అతను "ఆకాశంలో తిరిగేది" అన్నాడు. బతుకంతా చీకటి బావుల్లో దిగిన మనిషి పైకి పోవాలనుకోవడంలో వింతేముంది?

అమ్మాయి మూడు డబ్బాలు తీసి బల్ల మీద పరిచింది.

"ఇది యుద్ధం అంకుల్, కనపడ్డవాళ్ళనల్లా కాల్చుకుంటూ పోవడమే."

"నాకెవరి మీదా అంత ప్రేమ లేదమ్మా."

"ఇది ఇద్దరు ఆడేది. రెండు సీట్ల ఓడ. ఒకరు నడుపుతుంటే ఒకరు ఇంజను చూసుకోవాలి. బయట రిపేరుకి ఒకరు దిగితే, లోపల ఒకరు కనిపెట్టుకుని ఉండాలి."

ఆవిడ గబుక్కున ఆ డబ్బా చేతిలోకి తీసుకుంది. "ఇది బాగుందండీ. తమ్ముడు సాయంత్రాలు ఖాళీగానే ఉంటాడు. పక్కన కూర్చుంటాడు."

అతను ఆ మాట విననట్టే మూడో డబ్బా వైపు వేలు చూపించాడు.

"అదా అంకుల్? అది ఒక్కరే ఆడాలి. తోడెవరూ ఉండరు. రేడియోలో కూడా ఎవరూ పలకరు. గాలి, ఇంధనం, దారి, రిపేర్లు అన్నీ మీరే చూసుకోవాలి. అందరికీ నచ్చదు, రెండోరోజే తెచ్చి ఇచ్చేస్తుంటారు."

"ఎవరూ పలకరా?"

"ఎవ్వరూ."

కాలు పోయిన తర్వాత అతను మొదటిసారి నవ్వాడు. ఆవిడ చేతిలోని రెండు సీట్ల డబ్బా మెల్లిగా తీసి బల్ల మీద పెట్టేశాడు. బిల్లు రాస్తూ ఆ అమ్మాయి అలవాటుగా అడిగింది: "గది తలుపు గట్టిదేనా ఆంటీ? కిటికీ కింద ఎవరైనా బట్టలారేస్తారా? కొంచెం దుమ్ము పడుతుంది, ముందే చెప్పి ఉంచండి."

అంతరిక్షం ఆటల సంగతి మీకు నేను చెప్పేదేముంది! ఆడినంతసేపూ తలుపు ఇంట్లోనే ఉంటుంది, తలుపు వెనక గది మాత్రం ఉండదు. అది ఎక్కడ తిరగాలో అక్కడ తిరిగి, ఆట ఆపగానే వచ్చి తన చోట కూర్చుంటుంది. వచ్చేటప్పుడు కాస్త దులుపుకుంటుంది, అంతే. మర్నాటి నుంచి కింది వాటా పిన్నిగారు బాల్కనీలోంచి మెడ పైకెత్తి మొదలుపెట్టేది.

"ఏమ్మాయ్! మీ ఆయన నిన్న ఏ గ్రహం మీద దిగాడు? నా తెల్లచీర కాస్తా కాషాయం అయింది. ఈ వయసులో నన్ను సన్యాసుల్లో కలిపేస్తాడా ఏం?"

"బూడిదరంగు గ్రహం మీద దిగమని చెప్తాలెండి పిన్నిగారూ!"

"నలుపుది చూసుకోమను, మురికి కనపడదు!"

కానీ మనిషి కోలుకున్నాడు. అది ఒప్పుకోవాలి. బరువన్నదే లేని చోట కుంటికాలేదో మంచికాలేదో ఎవరికి తెలుస్తుంది? మీటలు సరిచూడటం, బిగింపులు పరీక్షించడం, చప్పుడుని బట్టి ఇంజను జబ్బు కనిపెట్టడం, ఇవన్నీ అతని చేతులు మర్చిపోని పనులే. తిరిగొచ్చి భోజనానికి కూర్చున్నప్పుడు, ఉంగరాలున్న గ్రహం దాకా వెళ్ళానని, ఇంకాస్త ముందుకి పోతే రెండు సూర్యుళ్ళు కనపడతాయని చెప్పేవాడు. ఆవిడ వడ్డిస్తూ వినేది. ఈ రోజు నువ్వేం చేశావని అతను అడిగేవాడు కాదు. ఆవిడ చెప్పేదీ కాదు.

బావమరిది మాత్రం దారపు కండెలు ఇవ్వడానికనో, గుండీలు తేవడానికనో రోజూ సాయంత్రం వచ్చేవాడు. వచ్చి, వెనకగది తలుపు పక్కన స్విచ్‌బోర్డు కింద స్టూలేసుకుని కూర్చునేవాడు. ఆ ఇంటి కరెంటు అంతంతమాత్రం. మిషను, ఇస్త్రీపెట్టె, ఆట అన్నీ ఒకేసారి నడిస్తే మెయిన్ స్విచ్ టప్పున పడిపోతుంది. అందుకే ఆవిడ, గది తిరిగొచ్చేదాకా ఇస్త్రీ ముట్టుకునేది కాదు.

ఒకసారి మరిచిపోయింది. పెట్టె పెట్టిందో లేదో, టప్పుమని అంతా చీకటి. ఆట యంత్రానికి బ్యాటరీ ఉంది కాబట్టి ఓడ దీపాలు వెలుగుతూనే ఉంటాయి గానీ, గది ఇంటికి రావాలంటే ఇంటి కరెంటు ఉండాల్సిందే. తలుపు అవతల నుంచి, బావి అడుగు నుంచి వచ్చినట్టు, ఒక గొంతు వినిపించింది.

"ఉన్నావా?"

అనుకోకుండా వచ్చిన మాటది. కరెంటు పోగానే అతని నోరు ఇంకేమనగలదు? స్టూలు మీది మనిషి అప్పటికే లేచి స్విచ్ పైకెత్తి, దాని మీద అరచెయ్యి ఆన్చి ఉన్నాడు.

"ఉన్నా బావా."

గది ధన్‌మని వచ్చి కూర్చుంది. తలుపు తెరుచుకుంది. మెకానిక్కు కర్ర మీద ఆనుకుని, ఆ స్విచ్ మీది చెయ్యినే చూస్తూ నిలబడ్డాడు.

"ఆ మాట మళ్ళీ నీ నోటితో ఎలా అనగలిగావురా?"

"చెయ్యి పెట్టే అన్నాను బావా. చూడు, ఇంకా తియ్యలేదు."

"అప్పుడు కూడా చూడకుండానే నమ్మాను."

"నేను రోజూ ఇక్కడే కూర్చుంటాను. నువ్వు నాతో మాట్లాడొద్దు, నన్ను చూడొద్దు. కూర్చోనీ, అంతే."

"అవసరం లేదు. నేను కొనుక్కున్నది ఒంటి సీటు ఓడ. మీ అక్క కూడా విన్నది కదా కొట్లో!" అని ఆ స్టూలు తీసి వీధి గుమ్మం బయట పెట్టాడు. "ఇంకెప్పుడూ రాకు."

బావమరిది తెచ్చిన గుండీల పొట్లం అక్క చేతిలో పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆవిడ మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. అనకుండా మింగినవన్నీ ఎక్కడికి పోతాయి చెప్పండి? లోపలే పేరుకుంటాయి.

ఆ తర్వాత బడులు తెరిచే రోజులొచ్చాయి. యూనిఫారాల కోసం బడి నుంచి మనిషి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "అమ్మా, ఇస్త్రీ అయిపోతే పట్టుకుపోతా, ఆటో ఆగి ఉంది" అని ఒకటే తొందర. మొగుడు ఆటలో ఉన్నాడు. రెండు సూర్యుళ్ళ దాకా వెళ్తానని పొద్దుటినుంచీ సంబరపడుతున్నాడు. పడితే మళ్ళీ ఎత్తితే పోలా అనుకుని ఆవిడ ఇస్త్రీపెట్టె వేసింది. టప్పుమని పడింది.

"ఉన్నావా?"

ఆవిడ పరుగున వెళ్ళి స్విచ్ ఎత్తింది. చెయ్యి దాని మీదే ఉంది. నోట్లో మాట కూడా సిద్ధంగానే ఉంది. కానీ రాలేదు.

ఎవరినండీ ఈయన పిలిచేది, అనుకుంది. స్టూలుతో సహా బయట పెట్టినవాణ్ణా? వాడు లేడని తెలిసీ పిలుస్తున్నాడా? ఇన్నేళ్ళలో నన్నెప్పుడైనా ఒక్కసారి "ఉన్నావా" అని అడిగిన పాపాన పోయాడా? కరెంటు వచ్చింది కదా, అదే తెలుస్తుంది. కాసేపు తెలియనీ, పలికే మనిషి లేకపోతే ఎలా ఉంటుందో.

"ఉన్నావా?" ఈసారి కాస్త మెల్లిగా.

ఆవిడ పళ్ళు బిగబట్టి, మిషను ఆపేసి, మిగిలిన చొక్కాలు ఇస్త్రీ చేసుకోవడానికి వెళ్ళిపోయింది.

ఆవిడది పెద్ద తప్పేం కాదు, నేనేం అనను. మన ఇళ్ళలో అలాంటి మౌనాలు రోజూ నడుస్తుంటాయి. కానీ అవతల ఉన్నది లిఫ్టు మనిషి. జవాబు రానిదే కదలకూడదన్నది అతని ఎముకల్లో ఉంది. కరెంటు వచ్చినా, దీపాలు వెలిగినా, మీటల మీద నుంచి చేతులు తీసేసి, ఊపిరి బిగబట్టి, జవాబు కోసం నిలబడిపోయాడు. అక్కడే ఒక్క సంగతి మరిచాడు. లిఫ్టయితే ఆపినచోటే ఆగి ఉంటుంది. ఓడ అలా కాదు. నడిపేవాడు చేతులు తీసేసినా అది పోతున్న దారిన పోతూనే ఉంటుంది.

ఆటో వెళ్ళిపోయాక ఆవిడకి ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉన్నట్టనిపించింది. తలుపు మీద చెయ్యి వేస్తే మంచుగడ్డలా ఉంది.

"ఉన్నానండీ! ఇక్కడే ఉన్నా! వచ్చేయండి!"

పలుకు లేదు. తమ్ముడికి ఫోను చేసింది. వాడు చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చి, స్విచ్ మీద చెయ్యి పెట్టి, గొంతు చించుకుని అరిచాడు. మాట వెళ్ళింది గానీ మనిషి అప్పటికే మాట అందే దూరం దాటిపోయాడు.

మర్నాడు ఆవిడ గేముల కొట్టుకెళ్ళి, రెండు సీట్ల ఓడ కావాలని అడిగింది. కొట్టు అమ్మాయి డబ్బా తీసి, మళ్ళీ లోపల పెట్టేసింది.

"ఇది పట్టుకెళ్ళినా ఆయన ఉన్న ఆటలోకి వెళ్ళలేరు ఆంటీ. ఆయనది ఒక్కరిదే కదా. ఆ రోజు మీ ముందే చెప్పాను."

"చెప్పావమ్మా. నేనూ విన్నాను."

ఆవిడ ఆ ఇంట్లో మళ్ళీ ఇస్త్రీపెట్టె వేయలేదు. కింది వాటా పిన్నిగారు ఇంకా బాల్కనీలో బట్టలారేస్తూనే ఉంది. దులిపి చూస్తుంది, అటూ ఇటూ తిప్పి చూస్తుంది, మల్లెపువ్వుల్లా ఉంటాయి. మొన్నొకరోజు చీర తీస్తూ పైకి చూసి, "ఇంత తెల్లగా ఉంటే కట్టుకోబుద్ధి కావట్లేదమ్మాయ్" అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

స్టూలు మళ్ళీ బోర్డు కిందికి వచ్చింది. తమ్ముడు సాయంత్రాలు పని ముగించుకుని వచ్చి కూర్చుంటాడు. ముందు స్విచ్ మీద చెయ్యి పెడతాడు. ఆ తర్వాత "ఉన్నా బావా" అంటాడు. ఆవిడ వచ్చి వాడి చేతి మీద తన చెయ్యి వేసి, తనూ అంటుంది. అవతల ఎక్కడో, రెండు సూర్యుళ్ళకి ఆవల, ఒక మనిషి ఇంకా వేలు కదపకుండా వింటూనే ఉన్నాడని వాళ్ళ నమ్మకం. కాదని చెప్పడానికి నాకు నోరు రాదు. దేవుణ్ణి నమ్ముకున్నవాణ్ణి కదా, నేను పిలిచే పిలుపులదీ అదే దారి.

తమ్ముడు ఒకసారి చెయ్యి లేకుండా మాట ఇచ్చాడు. అక్క ఒకసారి మాట లేకుండా చెయ్యి పెట్టింది. ఆ మనిషికి రెండూ కలిసి అందిన రోజున, అతను స్టూలు బయట పెట్టాడు.

వెళ్ళేముందు ఇదొక్కటి పట్టుకెళ్ళండి. మీ ఇంట్లో ఎవరో తలుపేసుకుని ఉంటారు, ఉండే ఉంటారు. లోపల నుంచి పిలిస్తే, మీకెంత కోపంగా ఉన్నా సరే, ముందు చెయ్యి పెట్టండి, వెంటనే "ఉన్నా" అనండి. ఈ రాత్రే ఒకసారి చేయండి. రేపు మళ్ళీ చేయండి. చూసినవాళ్ళు ఇదేమిటని అడిగితే, కూర్చోబెట్టి ఈ కథ చెప్పండి.