నా పాటకి వేరే ముఖం

శనివారం పొద్దున్నే బిర్యానీకి బియ్యం కడుగుతుంటే చర్చి పాటల వీడియోలు తీయించే మా ఆయన దైవాశీర్వాదం వంటగదిలోకి వచ్చారు. "లూసీ, షూటింగ్‌కి పదిహేను మంది దాకా వస్తారు. నీ ట్రాక్ రెడీగా ఉంది కాబట్టి నువ్వు పార్క్‌కి తొందరగా రానక్కర్లేదు. లంచ్ తీసుకొస్తే చాలు," అన్నారు. పాట పాడింది నేను. క్రిస్మస్‌కి ఇక్కడ అమెరికాలో మా కాపెల్ ఊరి తెలుగు చర్చివాళ్లు యూట్యూబ్‌లో పెట్టే వీడియోలో ఆ పాటకి పెదాలు కదపాల్సింది మాత్రం ప్రిస్సిల్లా. మా పక్క వీధి అమ్మాయి, కాలేజీలో చదువుతోంది.

నాకిది కొత్తేం కాదు. మా చర్చి పాటల వీడియోలు తీసే పద్ధతే అంత. ముందు స్టూడియోలో పాట రికార్డు చేస్తారు, తర్వాత చక్కగా కనపడే అమ్మాయిని ఎవరినో నిలబెట్టి పెదాలు కదిపిస్తారు. పెళ్లయిన కొత్తలో గుంటూరులో నేను పాడిన పాటకి వీడియో సీడీ వచ్చింది. అప్పట్లో వాటి మీద ఎంత మోజో. క్రిస్మస్ వస్తే చుట్టాలంతా టీవీ ముందు చేరి చూసేవాళ్లు. వాళ్ల మధ్య కూర్చుని నేనూ చూశాను. తెల్ల చీర కట్టుకుని ఎవరో అమ్మాయి నా గొంతుతో పూలతోటలో నడుస్తోంది. "వయసులో ఉన్న కోడలు టీవీలో కనపడితే నలుగురూ ఏమనుకుంటారమ్మా? గొంతు వినపడుతోందిగా, చాలదా?" అన్నారు అత్తయ్యగారు. చాలనే అనుకున్నాను. లేచి వెళ్లి అందరికీ టీ పెట్టాను.

తర్వాత సీడీలు పోయి యూట్యూబ్ వచ్చింది. మేం ఇక్కడికి వచ్చాక చర్చివాళ్లు డ్రోన్ కెమెరా కొన్నారు, జలపాతాల దగ్గరికి వెళ్లి మరీ తీశారు. మొదట్లో ఇండియా నుంచి కూడా చూసి ఫోన్లు చేసేవాళ్లు. ఈ మధ్య అంతా రీల్స్ అయిపోయి, పాట మొత్తం వీడియో చూసే ఓపిక ఎవరికీ లేదు. ఎన్ని మారినా నా చోటు మాత్రం మారలేదు. ఒకసారి నేనే అడిగాను, ఈసారి నేను కనపడనా అని. "ఈ వయసులో నీకెందుకే ఇవన్నీ? వీడియో అంటే చూడ్డానికి కళగా ఉండాలి కదా," అన్నారాయన, నవ్వుతూ, మామూలుగా. అప్పుడేమో వయసులో ఉన్నానని, ఇప్పుడేమో వయసైపోయిందని. మధ్యలో నాకు సరైన వయసు ఎప్పుడొచ్చిందో, ఏ పూట గిన్నెలు తోముతూ దాన్ని దాటేశానో నాకే తెలీదు.

బిర్యానీ తీసుకుని పార్క్‌కి వెళ్లేసరికి షూటింగ్ ఆగిపోయి ఉంది. ప్రిస్సిల్లా చేతులు కట్టుకుని నిలబడింది.

"అంకుల్, నేను చెయ్యను. ఆంటీ పాడారు కదా. నేను పాడినట్టు యాక్ట్ చేస్తే అది లై కదా."

"అందరూ అట్లానే తీస్తారమ్మా," అన్నారు మా ఆయన.

"ఇప్పుడు ఎవరూ చూడట్లేదు అంకుల్ అలాంటివి. మా ఫ్రెండ్స్ అయితే స్కిప్ చేస్తారు. ఫోన్ పెట్టుకుని రియల్‌గా పాడేవాళ్లనే చూస్తారు." నన్ను చూసి దగ్గరికి వచ్చింది. "మీరే పాడండి ఆంటీ, ప్లీజ్."

ఇన్నేళ్లలో నా కోసం నేను ఒక్కసారి అడిగి ఊరుకున్న మాటని, తెలుగు కూడబలుక్కుంటూ ఆ పిల్ల అందరి ముందూ అడిగింది. దాని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

మా ఆయన నా చీర మీద మసాలా మరకలు చూసి తల గోక్కున్నారు. "సరే లూసీ, ఈ ఒక్కసారికి నువ్వే నిలబడు. ట్రాక్ ప్లే చేస్తాం, పెదాలు కదుపు."

"ట్రాక్ వద్దండి. నేనిప్పుడు పాడతాను, పాడేటప్పుడే తీయండి. ఇకమీదట కూడా అంతే. గొంతు ఒక్కదాన్నే ముందుగా రికార్డు చేసి ఇవ్వను."

"గాలి శబ్దం వస్తుందే. మ్యూజిక్ కూడా ఉండదు."

"రానివ్వండి."

ఆయన కెమెరావాళ్లని ఇటు తిరగమని సైగ చేశారు. అందుకు ఆయనకీ మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

కళ్లు మూసుకుని, గొంతు ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం చెప్పాను. బుద్ధెరిగాక మొదటిసారి, ఈ ముఖం ఇచ్చినందుకు కూడా చెప్పి, కళ్లు తెరిచి పాట ఎత్తుకున్నాను.