ఆ మధ్యాహ్నపు హాజరు

"ఆ ఎమ్మెల్యే సభకి వెళ్తే నీకేంటి, మానేస్తే నీకేంటి? ముందు ఆ బట్టలు మడతపెట్టు" అంది అత్తయ్య. మడతపెడుతూనే ఉన్నాను. ఒళ్ళో దుప్పటి, ఎదురుగా ల్యాప్‌టాప్. మా శాసనసభ్యుడి హాజరు, వేసిన ఓట్లు, ఇచ్చిన ఆస్తుల ప్రకటనలు పట్టికలో ఎక్కించడం పౌరసంఘంలో నా పని. జీతం లేదు. ఇంట్లో పనికీ లేదు కాబట్టి ఆ విషయం నాకు అలవాటే.

పట్టిక సాయంత్రం ఐదింటికి జనంలోకి వెళ్ళాలి. ఒక్క గడి మిగిలింది. ఇంటిపని చేసేవాళ్ళకి వారానికో రోజు సెలవివ్వాలన్న బిల్లు రెండు ఓట్ల తేడాతో వీగిపోయిన రోజది. హాజరు పుస్తకంలో ఆయన సంతకం ఉంది. సభలోనే ఉండి తటస్థంగా ఉన్నారని ఆయన ఆఫీసు నుంచి ఉత్తరం కూడా వచ్చింది.

కానీ ఆ మధ్యాహ్నం ఓటింగు జరుగుతున్నప్పుడు ఆయన మా ముందుగదిలో, సోఫాలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. మా ఆయనకి పార్టీ కార్యదర్శి పదవి ఖాయమని చెప్పడానికి వచ్చాడు. "పొద్దున్నే సంతకం పడేసి వచ్చేశా. ఆ బిల్లుకి ఓటేస్తే మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వదు" అని నవ్వాడు. మా ఆయన అంతకంటే గట్టిగా నవ్వాడు. నేను కప్పులు అందిస్తూ అక్కడే ఉన్నాను. ఒక్కరూ గొంతు తగ్గించలేదు. నాకూ చెవులుంటాయని వాళ్ళకి తట్టనే లేదు. పన్నెండేళ్ళుగా ఈ ఇంట్లో నా ముందు అందరూ అన్నీ ఇలాగే మాట్లాడుకుంటున్నారు. ఒళ్ళు మండింది. అయినా ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను.

ఇప్పుడు మా ఆయన గుమ్మంలో నిలబడ్డాడు.

"తటస్థం అని రాసెయ్. ఎల్లుండే పదవుల జాబితా. నా నోట్లో మట్టి కొట్టకు."

"ఆ టైముకి మనింట్లో ఉన్నాడుగా."

"ఎవరు చూశారు?"

ఆ మాట అడిగింది నన్నే.

"నేను చూశాను."

"నువ్వు చూస్తే చూసినట్టా?"

అత్తయ్య నా ఒళ్ళోని దుప్పటి లాక్కుని తనే మడతపెట్టడం మొదలుపెట్టింది. ఆ పదవి కోసం మా ఆయన ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగాడో నాకు తెలుసు. అది పోతే ఈ ఇంట్లో నాతో ఎన్నాళ్ళు ఎవరూ మాట్లాడరో కూడా తెలుసు.

మా సంఘంలో ఆధారం లేకుండా ఏదీ ఎక్కించం. ఆధారం ఇచ్చినవాళ్ళ పేరూ వెయ్యాలి. 'సభలో లేరు' అని కొట్టాను. పక్క గడిలో నా పేరు వేసి, కింద రాశాను: 'ఆ గదిలో నేనున్నాను.'