ఫ్రెస్నో పోయే ఇరుసు

ఆదివారం చర్చి నుంచి రాగానే థెల్మా బంగాళాదుంపల సలాడ్ గిన్నె ఒళ్లో పెట్టుకుని కారెక్కేది. మొగుడు లోయెల్ స్టీరింగు ముందు కూర్చునేవాడు. ఫ్రెస్నోలో ఉన్న అక్క మావిస్ ఇంటికి భోజనానికని ఇద్దరూ బయల్దేరేవారు. తమ ఊరు బేకర్స్‌ఫీల్డ్ దాటగానే, ఉత్తరానికి పోవలసిన కారు తూర్పుకు తిరిగి, కొండెక్కి దిగి, మొజావీ ఎడారిలో ఎండిన సరస్సు మీద కార్ల పందేలు జరిగే చోట ఆగేది.

"చూశావుగా, నా చేతులు ఇక్కడున్నాయి," అని లోయెల్ రెండు చేతులూ పైకెత్తేవాడు. "ఇరుసు తిప్పితే నేనేం చెయ్యను?"

నిజమే, ఇరుసు అన్నాక అలవాట్లుంటాయి. ఎవరో పారేసిన పాతకాలపు కారును కోసి, ఎత్తు తగ్గించి, పెద్ద ఇంజను పెట్టి లోయెల్ కుర్రతనంలో కట్టుకున్న బండి అది. ఆనాడు పందేలకు తిరిగిన దారిని దాని ముందు ఇరుసు మరిచిపోలేదు. వాళ్ల ఊళ్లో ప్లంబరు వ్యాను కూడా బారు ముందు ఆగనిదే ముందుకు కదలదు. ఎవరూ దాన్ని తప్పు పట్టరు. థెల్మాకు ఒళ్లు మండేది ఇరుసు మీద కాదు, మొగుడి మొహంలో పిసరంత విచారమైనా కనపడనందుకు. అక్క కోసం చేసిన సలాడ్ వారం వారం దుమ్ము కొట్టుకున్న పందెగాళ్ల పాలయ్యేది. బస్సులో పోవచ్చు. కానీ ఇంట్లో కారుండగా బస్సెక్కడమా? ఆవిడ పౌరుషం ఆవిడది.

వేసవి చివర్లో మావిస్ ఫోన్ చేసింది. "ఇల్లు ఖాళీ చేస్తున్నానే. ఆరెగాన్‌లో తమ్ముడి దగ్గరికి వెళ్లిపోతున్నా. సోమవారం కాదు, పై సోమవారం సామాన్ల లారీ వస్తుంది."

"ఇదేంటక్కా, ఇంత హఠాత్తుగా!"

"హఠాత్తేముంది? ఇన్నేళ్లలో నాకోసం ఈ గేటు దాకా వచ్చిన మనిషి లేడు. నువ్వూ రావు. ఈ ద్రాక్షతోటల మధ్య ఎవరి కోసం కూర్చోను చెప్పు?"

పెళ్లీ పెటాకులూ లేని అక్క ఆ మాటంటే థెల్మా ఇంక కూర్చోలేకపోయింది. ఎదురుగా వెళ్లి ఒక్క మాట చెబితే అక్క ఆగుతుంది, ఫోన్లో చెబితే ఆగే మనిషి కాదు. ఫోన్ పెట్టేసి మొగుణ్ణి పాత సామాన్ల సంతకు లాక్కెళ్లింది.

ఆ సంతలో ఇరుసు కొనేవాళ్లు పగుళ్లు తర్వాత చూస్తారు. ముందు అడిగేది, "దీనికి ఎక్కడికి పోయే అలవాటు?" అని. అమ్మేవాళ్లు నోటికొచ్చిన అబద్ధం ఆడతారు. ఒకడు తన ఇరుసు పాస్టరు గారిదనీ, చర్చికి తప్ప ఎక్కడికీ పోదనీ ఒట్టేశాడు. లోయెల్ ముచ్చటపడి పట్టుకున్నదేమో రీనో జూదశాలలకు మరిగినది.

"ఇంత సంతలో ఫ్రెస్నో పోయే ఇరుసు ఒక్కటి లేదా?" అని థెల్మా అందరూ తిరిగి చూసేలా అరిచింది. "మా మావిసక్క ఊరొదిలి పోతోందయ్యా బాబూ!"

పక్కన చక్రాల మూతలు అమ్ముకుంటున్న బక్కపల్చటి పెద్దాయన తలెత్తాడు. పేరు ఆర్విల్.

"ద్రాక్షతోటల దగ్గర ఉండే మావిస్ గారేనా అండీ?"

"ఆవిడే. మీకు తెలుసా?"

"చర్చిలో పాడేవారు, ఒకప్పుడు." ఆయన చెవులు ఎర్రబడ్డాయి. జాకీ తీసి, తన సొంత కారు కిందికి దూరాడు. దుంగల మీద బండిని నిలబెట్టి, ముందు ఇరుసు ఊడదీసి తెచ్చి లోయెల్ కాళ్ల దగ్గర పెట్టాడు. "ఇది ఫ్రెస్నో పోతుందండీ. తిరిగి కూడా వస్తుంది."

"మరి మీకో?"

"ఇంక నాకు అక్కడ పనేముందండీ," అన్నాడు ఆర్విల్. థెల్మా సంబరంలో ఆ మాట చెవికెక్కించుకోలేదు.

వారమంతా లోయెల్ వంకలు పెట్టాడు. కుదుపు ఆపే కమాన్ కట్ట దీనికి కూర్చోదన్నాడు. "కూర్చోకపోతే కూర్చోబెట్టు!" అంది థెల్మా. కూర్చుంది. ఈ ఇరుసు నడుమ కిందికి వంగి ఉంది, కారు ముక్కు నేలకు రాసుకుంటుందన్నాడు. "నీ ముక్కు కాదుగా!" అంది. అసలు పాత ఇరుసే రానంది. చక్రాన్ని పట్టి ఉంచే కింగ్ పిన్ను ఒకటి నూనె పోసినా, మంటతో కాల్చినా, సుత్తితో బాదినా కదల్లేదు. చివరికి థెల్మా నడుం నొప్పిని తిట్టుకుంటూ కారు కింద పడుకుంది.

"నిన్నేం తుక్కులో పారెయ్యనులేవే. నీ పందెగాళ్లకే ఇస్తాను. ఒట్టు. ఇంక బయటికి ఏడు!"

పిన్ను జారి ఆవిడ అరచేతిలో పడింది. కొత్త ఇరుసు కీళ్లలో అరిగిపోయి కీచుమనే బుష్‌లున్నాయి గానీ, అవి మార్చేలోపే ఆదివారం వచ్చేసింది.

కారు తూర్పు మలుపును కన్నెత్తి చూడలేదు. కీచుకీచుమంటూ ఉత్తరానికి పరిగెత్తి, ఎండబెట్టిన ద్రాక్ష వాసనలోంచి తిన్నగా మావిస్ గేటు ముందు ఆగింది. థెల్మాకు ఏడుపొచ్చినంత పనైంది. అయితే గేటు దాటి మాత్రం లోపలికి పోదు. లోయెల్ ఎంత తొక్కినా ఇంజను రంకెలేసిందే తప్ప చక్రం కదల్లేదు. ఒక సిగరెట్టు కాలేంతసేపు అలాగే నిలబడి, మెల్లగా వెనక్కి తిరగడం మొదలెట్టింది.

"ఓరి నీ పిరికితనం తగలెయ్య!" అంటూ థెల్మా గిన్నెతో సహా దూకేసింది. లోయెల్ రెండు చేతులూ పైకెత్తి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

పెట్టెల మధ్యనుంచి మావిస్ గుమ్మంలోకి వచ్చింది. చెల్లెల్ని చూడలేదు. దుమ్ము రేగిన రోడ్డునే చూస్తోంది.

"ఆ కీచు..." అంది. "ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం వినేదాన్నే. ఎవరో దారి తప్పి తిరిగిపోతున్నారనుకున్నాను. ఎవరిదే ఆ ఇరుసు?"

అప్పుడు తగిలింది థెల్మాకు, సంతలో చెవికెక్కని ఆ మాట. ఆర్విల్ గురించి చెప్పింది. ఎర్రబడ్డ చెవులూ, దుంగల మీద నిలబెట్టిన కారూ, అన్నీ చెప్పింది.

మావిస్ గిరుక్కున లోపలికి వెళ్లింది. పెట్టె కట్టిన తాడు విప్పి, అందులోంచి మంచి టోపీ తీసి పెట్టుకుంది.

"ఇరుసే ఇచ్చేస్తే వచ్చే ఆదివారం ఎలా వస్తాడే ఆ మనిషి? పద, మనమే వెళ్దాం. బేకర్స్‌ఫీల్డ్ బస్సు ఎన్నింటికి?"

ఇంట్లో కారుండగా, సలాడ్ గిన్నె ఒళ్లో పెట్టుకుని, థెల్మా బస్సెక్కింది.