ఒక్కచోట మారిస్తే

మాణిక్యం కాలేజీ వెబ్‌సైట్లో లైబ్రరీ పేజీ తెరిచి, కింద కాలేజీ పేరూ చిరునామా ఉన్న భాగాన్ని కత్తిరించాడు. మిగిలిన ఖాళీ చూస్తే ఏదో తప్పు చేస్తున్నట్టే ఉంది.

బందరులోని ఆ చిన్న ఆఫీసులో కాలేజీల వెబ్‌సైట్లు చూసుకోవడం అతని పని. ప్రిన్సిపాల్ మారినా, ఫోన్ నంబరు మారినా, ఒక్కో పేజీ తెరిచి పాతది తీసి కొత్తది పెట్టేవాడు. ఏళ్ళ తరబడి అలా కూర్చుని మెడ ముందుకు వంగిపోయింది. చుట్టాల పెళ్ళిళ్ళకు భోజనాలైపోయాకే చేరేవాడు.

గుడివాడ నుంచి కొత్తగా చేరిన యశస్విని పక్కనే నిలబడి చెబుతోంది.

"పైభాగం, అడుగుభాగం వేరే ఫైళ్ళలో పెట్టేయండి బాబాయ్ గారూ. ప్రతి పేజీలో వాటిని పిలిచే ఒక్క లైను ఉంటే చాలు. సర్వరే తెచ్చి అతికిస్తుంది."

"మరి పేజీలో ఏం మిగులుతుందమ్మా?"

"ఆ పేజీకి సొంతమైందే."

అర్థమైనట్టే ఉండి జారిపోయింది. బ్రౌజర్లో చూస్తే అంతా తెల్లగా వచ్చింది. ఫైలు పేరులో చుక్క తప్పిందని ఆమె చూపించింది.

మధ్యాహ్నానికి పేజీలన్నీ ఎప్పటిలాగే నిలబడ్డాయి. కొత్త ప్రిన్సిపాల్ పేరు ఒక్కచోట మార్చాడు. నమ్మకం కుదరక ఒక్కో పేజీ తెరిచాడు. అన్నింట్లోనూ మారింది. మళ్ళీ మొదటి నుంచి చూశాడు.

"ఇంకేం చెయ్యాలి?"

"ఏం లేదండీ. ఇంటికెళ్ళండి."

ఎండలోకి వచ్చి నిలబడ్డాడు. ఆ వేళప్పుడు ఊరెలా ఉంటుందో అతనికి తెలియదు. భార్య ప్రేమమ్మకు ఫోన్ చేశాడు.

"ఇప్పుడే రావడమేంటి? ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది. పనైపోయింది."

"అయిపోవడమేంటండీ?"

"నాకూ తెలియట్లేదు."

బస్టాండు దగ్గర మిఠాయి కొట్టు కనబడితే, ఏమనిపించిందో, లడ్డూలు కొన్నాడు. అవనిగడ్డలో ఇంటి దగ్గర దిగొచ్చని నాగాయలంక బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ ఒక్కచోట మారిస్తే సరిపోయేదా? అయితే తను చేసిందేమిటి? ఎడమ భుజం లాగుతోంది. మౌసు పట్టింది కుడిచేత్తో కదా అనుకున్నాడు. పొలాల మీదుగా గాలి వచ్చింది. కళ్ళు మూసుకున్నాడు.

"అవనిగడ్డండీ! మాణిక్యంగారూ, దిగరా?" కండక్టరు భుజం పట్టి కదిపాడు. చప్పున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. డ్రైవరు ఇంజన్ ఆపేశాడు.

బస్సులోనే గుండె ఆగి ప్రాణం పోయిందని ఆస్పత్రిలో చెప్పారు.

అతన్ని దింపిన హడావుడిలో ఎవరూ చూసుకోలేదు. కిటికీ పక్క సీటు మీద లడ్డూల పొట్లం, నెయ్యి కాగితంలోకి మెల్లగా ఇంకుతూ, అలాగే ఉండిపోయింది.