పెద్దాసుపత్రి వరస

చిట్టా మత్తుమందు అలవాటు మాన్పించే పెద్దాసుపత్రిలో వందల మంచాలు. మా అబ్బాయి లఖ్వీర్ పేరు కూడా అక్కడ ఎవరికీ తెలియదని నేనే వాణ్ణి తెచ్చేశాను. వడ్లమిల్లు పక్కన ఒక ఇంట్లో సోధీ నడిపే చిన్న కేంద్రంలో చేర్పించాను. పదిమందే కుర్రాళ్లు, అందరికీ ఒకే పొయ్యి మీద రొట్టెలు.

నెల తర్వాత చూడనిచ్చారు. నేనిచ్చిన లస్సీని, సోధీ తల ఊపాకే తాగాడు లఖ్వీర్. మణికట్లు నల్లగా కమిలిపోయి ఉన్నాయి. వీణ్ణి కట్టేస్తున్నారు.

"రేపు వీడి తల్లి పోయిన రోజు, బర్సీ. గురుద్వారాలో పారాయణానికి కొడుకు ఉండాలి," అన్నాను. అబద్ధం. ఆవిడ పోయింది చలికాలంలో, ఇది ఎండాకాలం. వీడి మత్తుకు ఏడ్చి ఏడ్చి పోయింది. అది నేను మరిచిపోను.

"పుణ్యకార్యం ఆపుతామా, బాపూజీ? మావాళ్లిద్దరు తోడొస్తారు. లంగర్‌లో భోంచేసి, వాణ్ణి తిరిగి తెచ్చేస్తారు," అన్నాడు సోధీ.

మర్నాడు ఆ ఇద్దరూ నా జీపు వెనక లఖ్వీర్‌కు చెరోపక్క కూర్చున్నారు. ఊరి మలుపు దాటించి బండిని పట్నం వైపు పోనిచ్చాను.

"ఊరు అటు కదా, పెద్దయ్యా?" వెనక నుంచి వాళ్లలో ఒకడి చెయ్యి నా మెడ మీద పడింది.

"గ్రంథ్ సాహిబ్ మీద కప్పే రుమాలా కొనాలి."

"ముసలాయనకు పట్నం మీద మనసైందిరా," రెండోవాడు నవ్వాడు. మొదటివాడు చెయ్యి మాత్రం తియ్యలేదు.

పెద్దాసుపత్రి గేటు దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. బండిని వాళ్ల మధ్యకు తెచ్చి ఆపాను. అందరూ మావైపు తిరిగారు. నా మెడ మీది చెయ్యి జారింది.

లఖ్వీర్ దిగి, నా చొక్కా పట్టుకుని వరసలో నిలబడ్డాడు. ఆ ఇద్దరూ జీపు పక్క నుంచి కదల్లేదు. మా వెనక, వాళ్లకు అడ్డంగా, ఇంకా జనం చేరాలని కోరుకున్నాను.