గుండప్ప మామ మొగం

కడపలో నా ఇనప సామాన్ల అంగడి తెలీనోళ్లు లేరు. ఇంట్లో ఏముండాదో మాత్రం ఎవరికీ తెలీదు. తెలిస్తే ‘తిరుమలయ్యకు పిచ్చి పట్టింది’ అంటారు. అననీ! వాళ్ల సొమ్మేం పోయె?

ఇప్పుడు మూతపడిన ఒక పేపర్లో మునుపు రోజూ మూడు గళ్ల బొమ్మలు వస్తాండె, ‘గుండప్ప మామ’ అని. ఆ పేపరు ఆఫీసు ఖాళీ చేసినప్పుడు, అచ్చుకోసం చేత్తో గీసిన అసలు బొమ్మలు పాత పేపర్ల అంగడికి వచ్చినాయి. అట్టల మీద నల్ల ఇంకు, కింద చెరిగీ చెరగని పెన్సిలు గీతలు, తప్పు దిద్దిన చోట తెల్లరంగు. అప్పట్నుంచి యాడ ఒకటి దొరికినా వదల్లే. పెండ్లాంబిడ్డలు లేని కొంప నాది. అన్నం తినే తావుకు ఎదురుగా ఒక బొమ్మ తగిలించినా. దాంట్లో మామ బెల్లంగడ్డ నోట్లో ఏసుకొని, దొరికిపోయి నవ్వుతాండాడు. నేను ఆయప్పతో మాట్లాడతా. సిగ్గెందుకు? నాకు ఇంకెవరుండారు?

అచ్చుకాని ఆఖరి బొమ్మ ఒకటి, గీసినాయన ఇంట్లోనే ఉండాదని ఆ పేపర్లో పనిచేసినాయన చెప్తే, 2006 ఎండాకాలంలో బనగానపల్లె పోయినా. బొమ్మలు గీసిన రాఘవేంద్రప్రసాద్ చచ్చిపోయి శానా కాలమైంది. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ తలుపు తీసింది. ఎదురు గోడకు ఆ బొమ్మే! దానికి పూలదండ! మామ మనకు వీపు చూపించి పోతాండాడు.

“వీపుకు దండేందమ్మా?” నోరు జారినా.

“ఫోటో ఉంటే గదప్పా! ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతాదని మా అత్త మా పెండ్లిలో కూడా దిగనీలే. ఈయనా ఆ మాటే పట్టుకున్యాడు. దిగకపోయినా ఆయుష్షేం నిలిచింది? అద్దంలో చూసుకొని తన మొగమే గుండప్పకు పెట్టినాడు. అన్నీ పేపరోళ్లకే పోయినాయి. ఇదొక్కటే మిగిలింది.”

నా దగ్గరుండే బొమ్మల సంగతి చెప్పి, ఇది నాకియ్యమని అడిగినా. ఆమె కోప్పడలే.

“తీస్కపో నాయనా. బదులు మొగముండేది ఒకటియ్యి. బెల్లం తింటా దొరికిపోయింది ఉండాల నీ దగ్గర. ఆ దొంగను పట్టింది నేనే. ఆ నవ్వు మర్చిపోతాండా, అదే నా భయం.”

అదొక్కటి తప్ప ఇంకేమన్నా అడగరాదా ఈ తల్లి! లేదనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. “చూస్తాలేమ్మా” అని బస్సెక్కినా.

ఆ వారమంతా అన్నం సయించలే. బొమ్మను తిట్టినా. “పోవాకు” అని బతిమాలినా. ఆయమ్మ మొగుణ్ణి నా ఇంట్లో పెట్టుకొని కూచున్యా, ఇదేం న్యాయమని నన్ను నేనే తిట్టుకున్యా. ఆఖరికి గోడమీంచి దించి, గుడ్డలో చుట్టుకొని, మళ్లా బనగానపల్లె పోయినా.

ఆమె గుడ్డ విప్పింది. అట్టను రెండు చేతుల్తో పట్టుకొని, “ఇన్ని దినాలు యాడికి పోయింటివి?” అనింది.

నాతో కాదు. నన్ను కూర్చోమనేది కూడా మర్చిపాయ. గడప దగ్గర శానాసేపు నిలబడినా. దండేసిన బొమ్మ గోడకే ఉండాది, అడగబుద్ధి కాలే. “పోయొస్తానమ్మా” అన్యా. ఆమె తలెత్తలే, మాట్లాడుతానే ఉండాది.